ఒకే ఈతలో పుట్టిన కుక్కపిల్లలు, ఒకటి ‘షో క్వాలిటీ’, ఇంకోటి ‘పెట్ క్వాలిటీ’. తేడా ఏంటి?

ధర్మవరం_పట్టు (అనంతపురం)
అందరికీ నమస్కారం. ఇంట్లోకి కుక్కపిల్లను తీసుకుందామని చూస్తున్నాం. సొంత ఇల్లు, ముందు కొంచెం ఖాళీ స్థలం, చుట్టూ ఆరడుగుల గోడ ఉంది. ఇద్దరు పిల్లలు, మా అమ్మానాన్న మాతోనే ఉంటారు. పాప హస్కీ కావాలంటోంది, బాబు ల్యాబ్ (ల్యాబ్రడార్) అంటున్నాడు, నాన్నకేమో జర్మన్ షెపర్డ్ అయితేనే ఇంటికి కాపలా అని.

బెంగళూరులో ఒకాయన ల్యాబ్ పిల్లల ఫొటోలు పంపాడు. వయసు 40 రోజులు. ఒకదానికి 15 వేలు, దాని పక్కదానికి 40 వేలు చెప్పాడు. రెండూ ఒకే తల్లి పిల్లలే. ఎందుకంత తేడా అంటే ‘అది షో క్వాలిటీ సార్, డబుల్ బోన్, ఇది పెట్ క్వాలిటీ’ అన్నాడు. పేపర్ (కేసీఐ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) వద్దంటే ఇంకో ఐదు వేలు తగ్గిస్తాడట. నాకు రెండు ఫొటోల్లోనూ ఒకే పిల్ల కనిపిస్తోంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సంగటిముద్ద (తాడిపత్రి)
హస్కీ మంచుదేశం కుక్క, ముందు ఏసీ కొనుక్కో అన్నా. తర్వాత దానికి కరెంటు బిల్లు కట్టడానికి ఇంకో ఉద్యోగం చూసుకో.

గుత్తికోట (గుత్తి)
ఇన్ని మాటలెందుకు, వీధిలో నుంచి ఒక పిల్లను తెచ్చుకోండి. పైసా ఖర్చు లేదు, ఎండకు తట్టుకుంటుంది, ఏం పెట్టినా తింటుంది.

బురుజు_పక్కిల్లు (కర్నూలు)
ధర్మవరం గారూ, నేను చాలా ఏళ్లుగా ల్యాబ్‌లను షోలకు తీసుకెళ్తున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

షోలో జడ్జి ఒక కుక్కను పక్క కుక్కతో పోల్చి ఇది అందంగా ఉందని మార్కులు వేయడు. ప్రతి జాతికీ రాసిపెట్టిన ప్రమాణం ఒకటి ఉంటుంది, బ్రీడ్ స్టాండర్డ్ అంటాం. ఎదుట నిలబడ్డ కుక్క ఆ రాతకు ఎంత దగ్గరగా ఉందో చూస్తాడు. జాతి కుక్కల్ని రిజిస్టర్ చేసే మన కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా (కేసీఐ) ఆఫీసు చెన్నైలో ఉంది. విదేశీ జాతులకు ఇక్కడ నడిచేది ఎక్కువగా అంతర్జాతీయ కుక్కల సమాఖ్య అయిన ఎఫ్‌సీఐ ప్రమాణాలే. ల్యాబ్‌నే తీసుకోండి. మగది భుజం దగ్గర 56 నుంచి 57 సెంటీమీటర్లు, ఆడది 54 నుంచి 56. రంగులు మూడే: నలుపు, పసుపు, చాక్లెట్. ‘సిల్వర్ ల్యాబ్’ అని ఇన్‌స్టాలో లక్షలు చెప్పేది ఆ లెక్కలోకి రాదు. నోరు తెరిచి పళ్లు చూస్తారు. పెద్ద కుక్కకు 42 ఉండాలి, పై వరస కింది వరసను ఆనుకుని కత్తెరలా మూసుకోవాలి. మగదైతే రెండు వృషణాలూ కిందికి దిగి ఉండాలి. తర్వాత రింగులో, అంటే షో బరిలో, పరుగెత్తించి నడక చూస్తారు. తోక ఎలా మోస్తోంది, వెన్ను ఎలా నిలుస్తోంది, ఇవన్నీ లెక్కే.

ఇప్పుడు మీ ప్రశ్న. పెట్ క్వాలిటీ అంటే రోగిష్టి పిల్ల అని కాదు. పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి తగ్గింది అంతే. కింది దవడ కాస్త ముందుకొచ్చింది, ఒక పన్ను లేదు, రెండు సెంటీమీటర్లు ఎక్కువ పెరిగింది. జర్మన్ షెపర్డ్‌లో తెల్లది పుడితే రింగులోకి రానివ్వరు. ఇంట్లో మీ పిల్లలతో ఆడుకోడానికి ఆ తెలుపు ఏం అడ్డం?

అసలు విషయం ఏంటంటే, 40 రోజుల పిల్లను చూసి ఇది షో క్వాలిటీ అని గ్యారంటీ ఇవ్వగలిగేవాడు లేడు. అప్పటికి ఉండేవి పాలపళ్లు. అసలు పళ్లు నాలుగో నెల నుంచి మొదలై ఏడో నెలకు పూర్తవుతాయి. దవడ ఎటు పోతుందో అప్పుడే తెలుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు తల్లిదండ్రుల్ని, తాతముత్తాతల్ని చూసి అంచనా వేస్తారు. ఆ అంచనా నిజమవ్వచ్చు, తప్పచ్చు. ‘డబుల్ బోన్’ అనే మాట ఏ స్టాండర్డ్‌లోనూ లేదు, అది అంగట్లో పుట్టింది. కాళ్లు లావుగా కనిపించేలా కిందినుంచి ఫొటో తీస్తే ప్రతి పిల్లా డబుల్ బోనే.

ఇంకోటి. 2017 నాటి డాగ్ బ్రీడింగ్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 40 రోజులకే తీసుకుపొమ్మంటున్నాడంటే ఆయన పద్ధతి అర్థం చేసుకోండి.

ధర్మవరం_పట్టు
చాలా థాంక్స్ అన్నా. మరి ఆ కేసీఐ పేపర్ సంగతి? పేపర్ ఉంటే మంచి కుక్క, లేకపోతే క్రాస్ అని మా ఆఫీసులో అంటున్నారు.

బెంగళూరులో_సీమోడు (ఊరు ప్రొద్దుటూరు)
పేపర్ గురించి నేను చెప్తా. ఆ ఈతను బ్రీడర్ రిజిస్టర్ చేయిస్తే వచ్చే సర్టిఫికెట్ అది. తల్లి పేరు, తండ్రి పేరు, వాటి పెద్దల పేర్లు, పిల్లకు వేసిన మైక్రోచిప్ నంబర్ ఉంటాయి. దాంతో ఆ కుక్క ఫలానా జాతి అని, ఫలానా వాళ్లకు పుట్టిందని తెలుస్తుంది. అంతే. పెళ్లి సంబంధాల్లో ఇంటిపేరు, గోత్రం చెప్పినట్టన్నమాట. అబ్బాయి తాగుతాడా లేదా అన్నది గోత్రం చెప్పదు కదా.

తుంటి కీళ్లు బాగున్నాయా, కరిచే స్వభావమా అన్నది ఆ కాగితంలో ఉండదు. పేపర్ ఉన్నవాటిలోనూ రింగు దరిదాపులకు రానివి బోలెడు. పేపర్ లేకపోతే మాత్రం జాతి క్లాసుల్లో షోకి పెట్టలేరు. మీకు షో అక్కర్లేదనుకుంటే అది పెద్ద విషయం కాదు.

కానీ ‘పేపర్ వద్దంటే తగ్గిస్తా’ అన్నాడంటే నాకు అనుమానమే. నిజంగా రిజిస్టర్ చేసే మనిషికి అయ్యే ఖర్చు ఐదు వేలు కాదు, అంత తగ్గించాల్సిన పని లేదు. ‘పేపర్ తర్వాత కొరియర్ చేస్తాం’ అనే మాట కూడా నమ్మకండి. చిప్ రీడర్ ఉన్న డాక్టర్ దగ్గర పిల్ల మెడ మీద పెట్టి చూడండి, నంబర్ వస్తే కాగితంలో ఉన్నదానితో సరిపోల్చుకోండి.

మూగజీవి_వైద్యం (కడప)
నేను పశువైద్యుణ్ణి. షో గొప్పా పెట్ గొప్పా అనే వాదనలోకి పోను, ఏ జాతికి ఏ బాధ ఉందో చెప్తాను, చూసుకోండి.

జర్మన్ షెపర్డ్: 1899లో స్టెఫానిట్స్ అనే జర్మన్ సైనికాధికారి ఈ జాతిని స్థిరపరిచినప్పుడు అది గొర్రెల మంద వెంట రోజంతా నడిచే కుక్క. షోల కోసం పెంచే వంశాల్లో కొన్నిచోట్ల వెన్ను వెనక్కి వాలిపోయేలా పెంచుకుంటూ వచ్చారు. నిలబెట్టి ఫొటో తీస్తే దర్జాగా ఉంటుంది. తుంటి కీలు సరిగా అమరకపోవడం, హిప్ డిస్ప్లేసియా, ఈ జాతిలో పాత సమస్య. నున్నటి టైల్స్ మీద పెరిగే పిల్లల్లో ఇంకా ఇబ్బంది. వెనక కాళ్లు జారుతూనే ఉంటాయి.

ల్యాబ్: తిండి. తిండి. తిండి. ఇది మీ ఇంటి తప్పు మాత్రమే కాదు. పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లేకపోవడం వల్ల కొన్ని ల్యాబ్‌లకు కడుపు నిండిన సంగతి తెలియదని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. వాళ్లు చూసిన ల్యాబ్‌లలో దాదాపు నాలుగో వంతుకు ఆ లోపం ఉంది. అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్న ఇళ్లలో ల్యాబ్ ఎలా ఉంటుందో నాకు తలుపు తెరుచుకోగానే తెలిసిపోతుంది. ముందు పొట్ట వస్తుంది, తర్వాత కుక్క.

పగ్, బుల్‌డాగ్: కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దాని కూలర్. ముక్కు లోపలికి నొక్కుకుపోయిన జాతులకు ఆ రొప్పడమే కష్టం. మే నెల మధ్యాహ్నం కడపలో పగ్‌ను బైక్ ముందు కూర్చోబెట్టుకుని తిప్పేవాళ్లను చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

డాబర్‌మన్: మంచి కుక్క, ఇంటివాళ్లను వదలదు. గుండె కండరం బలహీనపడే జబ్బు ఈ జాతిలో ఎక్కువ. తల్లిదండ్రులు ఏ వయసులో, ఎలా పోయాయో అడగండి.

జాతి ఏదైనా మన జిల్లాల్లో అసలు శత్రువు పిడుదులు. అవి తెచ్చే ఎర్లీకియా, బబీసియా జ్వరాలకు షో ఛాంపియన్ అని గౌరవమేమీ ఉండదు.

రింగ్‌సైడ్_రాజా (నంద్యాల)
డాక్టర్ గారంటే గౌరవమే. కానీ ఇలా రాస్తే షోలవాళ్లంతా కుంటి కుక్కల్ని పుట్టిస్తున్నారని జనం అనుకుంటారు. జర్మనీలో షెపర్డ్‌ల క్లబ్ నియమం ప్రకారం హిప్ ఎక్స్‌రే, పని పరీక్ష పాసవ్వకుండా బ్రీడింగ్‌కు ఒప్పుకోరు. ఇక్కడ కూడా ఎక్స్‌రే తీయించి చూపించేవాళ్లు ఉన్నారు. ఎక్స్‌రే ఊసే తెలియనిది ఎవరికి? ఇంటి మేడ మీద రెండు కుక్కల్ని కట్టేసి ఏడాదికి రెండు ఈతలు తీసేవాడికి. అమ్మేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే, వాళ్లెవరూ షో మొహం చూడరు.

స్వభావం గురించి కూడా చెప్తా. ముక్కూమొహం తెలియని జడ్జి వచ్చి నోట్లో చేయి పెట్టి పళ్లు చూస్తుంటే, పక్కన డజను కుక్కలు మొరుగుతుంటే, మైకు గోల పెడుతుంటే కదలకుండా నిలబడాలి. కరవబోతే అక్కడికక్కడే బయటికి. అలాంటి కుక్కకు పుట్టిన పిల్లే మీ ఇంటికి చుట్టాలొస్తే నిమ్మళంగా ఉంటుంది.

మూగజీవి_వైద్యం
రాజా గారూ, చివరి పేరాతో ఏకీభవిస్తున్నాను. మేడమీద బ్రీడర్ల మాట కూడా నిజం. వెన్ను వాలు విషయంలో మాత్రం నా మాట నాదే.

రాయదుర్గం_వేటగాడు (పేరు మాత్రమే, వేట లేదు)
ఇన్ని జాతులు చెప్పారు, మన పక్కనే ఉన్న ముధోల్ కుక్క ఎవరికీ గుర్తు రాలేదా అప్పా? బాగల్‌కోట జిల్లా (కర్ణాటక) ముధోల్ మనకేం దూరం కాదు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ జాతుల మీద స్టాంపులు వేసింది: హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం. 2016లో మన సైన్యం ముధోల్ పిల్లల్ని మీరట్ తీసుకెళ్లి ట్రైనింగ్ ఇచ్చింది. ఎండకు తట్టుకుంటుంది, పొట్టి బొచ్చు, రోగాలు తక్కువ. ఎఫ్‌సీఐ జాబితాలో మన జాతులు లేవు కానీ కేసీఐ గుర్తించింది, షోలో వాటికీ క్లాసు ఉంది.

అయితే నిజం చెప్పాలి కదా. ఇది చూపుతో వేటాడే కుక్క. కదిలేది ఏది కనిపించినా పరుగు. కోడి, పిల్లి, మేకపిల్ల, పక్కింటి కుందేలు. గేటు తెరిచి ఉంటే పిలిచినా వినదు. రోజూ విడిచిపెట్టి పరుగెత్తించడానికి స్థలం ఉండాలి. ల్యాబ్‌లా మీద పడి నాకదు, తన గౌరవం తనది. తోట ఉన్నవాళ్లకు బంగారం, కాలనీ ఇంటికి ఆలోచించుకోండి. దీన్ని కొని అడవి కుందేళ్ల వేటకు తీసుకెళ్తామనే కుర్రాళ్లు కూడా ఉన్నారు. వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది, చెప్పలేదనొద్దు.

రాజపాళయం కావాలంటే ఒక మాట. తెల్లటి జాతి కాబట్టి చెవుడుతో పుట్టే పిల్లలు ఉంటాయి. వెనక నుంచి చప్పట్లు కొట్టి చూసుకోండి.

కొల్లేటి_కొంగ (ఏలూరు)
మా జోనంగిని మర్చిపోయారు! కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాసే కుక్క. పెద్దగా మొరగదు, ఒక రకంగా కూస్తుంది. పాదు తవ్వమంటే తవ్వి పెడుతుంది, వద్దన్నా తవ్వుతుంది.

సంగటిముద్ద
కూసే కుక్క కాపలాకా, కచేరీకా?

అమ్మ_చేతి_ఉగ్గాని (ఆదోని)
అందరూ కుక్క గురించే రాస్తున్నారు, ఇంటి గురించి ఒక్కరూ అడగలేదు. ధర్మవరం తమ్ముడూ, పొద్దున ఐదున్నరకు దాన్ని బయటికి తిప్పేది ఎవరు? ఎండాకాలంలో ఏడు దాటితే రోడ్డు కాలిపోతుంది, దానికి చెప్పులుండవు. మీ అమ్మగారు వంటింట్లోకి, దేవుడి గదిలోకి రానిస్తారా? మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు? పిల్లలు మొదట్లో కొన్ని రోజులు ఎగబడతారు, ఆ తర్వాత అది మీ భార్య మీద పడుతుంది. ఆవిడను అడిగారా?

ల్యాబ్‌కు బొచ్చు పొట్టిగా ఉంటుంది కాబట్టి రాలదనుకుంటారు. ఏడాది పొడుగునా రాలుతుంది, నల్ల ప్యాంటు వేసుకోవడం మానేయాలి.

మా ఇంట్లో ఉన్నది ‘పమేరియన్’ అని అమ్మిన తెల్ల కుక్క. ఈ షోలవాళ్లే చెప్పారు అది ఇండియన్ స్పిట్జ్ అని. అసలు పమేరియన్ మూడు కిలోలు మించి పెద్దగా ఉండదట, మాది దానికి మూడింతలు. అయినా మా కాలనీలో గ్యాస్ సిలిండర్ బండి ఏ వీధిలో ఉందో మాకంటే ముందు దానికే తెలుస్తుంది. అమ్మానాన్న పెద్దవాళ్లయితే గుంజుకుపోని చిన్న కుక్కే మేలని నా అభిప్రాయం.

ధర్మవరం_పట్టు
అక్కా, మీరన్న మొదటి ప్రశ్న మా ఆవిడ కూడా అడిగింది. పొద్దున నేను, సాయంత్రం బాబు అని కాగితం మీద రాసి సంతకాలు పెట్టాం. హస్కీ తీసేశాం. నాన్న మాత్రం కాపలా అంటూ ఇప్పుడు రాట్‌వీలర్ దాకా వెళ్లారు.

రింగ్‌సైడ్_రాజా
మొదటి కుక్కగా రాట్‌వీలర్ వద్దు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపాలని సర్క్యులర్ ఇచ్చినప్పుడు అందులో ఇది కూడా ఉంది. తర్వాత కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం సంగతి పక్కన పెట్టండి, పిల్లలు ఉన్న ఇంట్లో ఆ బలాన్ని అదుపు చేయడం మొదటిసారి పెంచేవాళ్ల పని కాదు. నాన్నగారికి చెప్పండి, దొంగకు జాతి తెలియదు. చీకట్లో గొంతు గట్టిగా వినిపిస్తే చాలు, ల్యాబ్ గొంతు చిన్నదేం కాదు. దొంగ లోపలికొచ్చాక అది తోక ఊపుతుందనే విషయం మనలోనే ఉంచుకుందాం.

బురుజు_పక్కిల్లు
నేనొక మాట చెప్తాను, దీన్ని మామూలుగా ఎవరూ చెప్పరు. 40 రోజుల పిల్ల కోసమే ఎందుకు చూస్తున్నారు?

షోలకు వెళ్లేవాళ్లు ఒక ఈతలో బాగున్నాయనుకున్న రెండు మూడు పిల్లల్ని అమ్మకుండా అట్టిపెట్టుకుంటారు. ఆరేడు నెలలు పెంచి చూస్తారు. అప్పటికి పళ్లు, ఎత్తు, నడక తేలిపోతాయి. ఒకటి రింగుకు పనికొస్తుంది, మిగతావాటిని ఇళ్లకు ఇచ్చేస్తారు. వాటికి టీకాలన్నీ పూర్తయి ఉంటాయి, పార్వో (చిన్నపిల్లల్ని చంపే వైరస్ జబ్బు) గండం చాలావరకు గడిచి ఉంటుంది. బెల్టుతో నడవడం, కారులో కూర్చోవడం, మనుషులు పట్టుకుంటే ఊరుకోవడం నేర్చి ఉంటాయి. స్వభావం ఎలాంటిదో కళ్లముందే కనిపిస్తుంది, ఊహించుకోవాల్సిన పని లేదు. ధర కూడా ‘షో పిల్ల’ అని మీకు చెప్పిన 40 వేలకంటే తక్కువకే రావచ్చు. చిన్నపిల్ల ముద్దుగా ఉంటుందని అందరూ దాని వెంటే పడతారు కాబట్టి వీటిని అడిగేవాళ్లు తక్కువ.

చలికాలంలో బెంగళూరులో షోలు జరుగుతుంటాయి. ఒకరోజు పిల్లల్ని తీసుకెళ్లండి. రింగులోకి వెళ్లబోయేవాళ్లను పలకరించకండి, టెన్షన్‌లో ఉంటారు. వాళ్ల క్లాసు అయిపోయాక అడగండి, గంటసేపు వదలరు. ఎవరి దగ్గరికి వెళ్లినా తల్లిని చూపించమనండి. మీరు గేటు దగ్గరికి రాగానే అది మూలకు నక్కితేనో, గొలుసు తెంపుకునేలా మీదికొస్తేనో పిల్ల ఎంత బాగున్నా వెనక్కి వచ్చేయండి.

గుత్తికోట
మళ్లీ చెప్తున్నా, వీధి పిల్ల.

అమ్మ_చేతి_ఉగ్గాని
గుత్తి అన్న మాట తీసిపారేయకండి. దానికీ టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి కాబట్టి పైసా ఖర్చు లేదన్నది మాత్రం తప్పు. పెద్దయ్యాక ఎంతవుతుందో తెలియదనే భయం తప్ప వేరే లోటు లేదు.

ధర్మవరం_పట్టు
అప్‌డేట్. ఆ బెంగళూరాయనకు ఫోన్ చేసి తల్లిని చూస్తానన్నాను. తల్లి ఫామ్‌లో ఉంది, అక్కడికి బయటివాళ్లను రానివ్వం, వీడియో పంపుతానన్నాడు. ఎక్స్‌రే అడిగితే ‘సార్, మీరు కుక్కను కొంటున్నారా, హాస్పిటల్ పెడుతున్నారా’ అన్నాడు. అక్కడితో ఆపేశాను.

బురుజు అన్న ఇచ్చిన పరిచయంతో ఇంకొకరి ఇంటికి వెళ్లొచ్చాం. ఏడు నెలల ఆడ ల్యాబ్, నలుపు. కింది దవడ కొంచెం ముందుకుందని రింగుకు వద్దనుకున్నారట. వాళ్లు చూపించేదాకా మాకెవరికీ తెలియలేదు. తల్లిని చూశాం, మా నాన్న పక్కన వచ్చి కూర్చుంది. నాన్న రాట్‌వీలర్ మాట మళ్లీ ఎత్తలేదు. తల్లిదండ్రుల హిప్ ఎక్స్‌రేలు కూడా చూపించారు. 18 వేలు, పేపర్‌తో సహా. డాక్టర్ గారూ, ఆ దవడ వల్ల తినడానికి ఇబ్బందేమైనా ఉంటుందా?

మూగజీవి_వైద్యం
పళ్లు చిగుళ్లకు గుచ్చుకోనంతవరకు ఏ ఇబ్బందీ ఉండదు, ల్యాబ్‌ను తినకుండా ఆపే దవడ నేనింకా చూడలేదు. దానితో ఈతలు మాత్రం తీయించకండి, ఆ దవడ దాని పిల్లలకూ దిగుతుంది. మొదటి హీట్ (ఎద) త్వరలో రావచ్చు, ఆ రోజుల్లో ఆరడుగుల గోడ మీ వీధి మగకుక్కలకు పెద్ద అడ్డు కాదు. హీట్ అయ్యాక రెండు మూడు నెలలు ఆగి ఆపరేషన్ చేయించండి. టీకా కార్డు తెచ్చుకోండి, పిడుదుల మందు ఎప్పుడు వేశారో రాయించుకోండి. తిండి కొలిచి పెట్టండి. ఈ మాట మీ అమ్మగారికి విడిగా చెప్పండి.

బెంగళూరులో_సీమోడు
తీసుకొచ్చే రోజు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరండి, ఎండెక్కేలోపు అనంతపురం చేరిపోతారు. బయల్దేరే ముందు కడుపునిండా పెట్టొద్దని వాళ్లకు చెప్పండి. ముఖ్యమైనది: కేసీఐ ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫర్ ఫారం మీద వాళ్ల సంతకం అక్కడే తీసుకోండి. అది లేకపోతే కుక్క మీ ఇంట్లో ఉంటుంది, రికార్డులో వాళ్ల పేరే ఉంటుంది.

ధర్మవరం_పట్టు
ఫారం ప్రింట్ తీసి పెట్టుకున్నా అన్నా. వచ్చే ఆదివారం వెళ్తున్నాం.